వేళ్ళతో పంపిన కట్ట

ఈస్ట్‌బోర్న్,
జూన్ 9, 1955.

ఒసేయ్ థిర్జా,

మీ అన్న పంపిన బుట్ట నిన్న రైల్లో దిగింది. స్టేషన్ కూలీ దాన్ని గుమ్మంలో దింపుతూ "ఏంటమ్మా ఇది, చెరువుని మోసుకొచ్చినట్టుంది" అని విసుక్కున్నాడు. పాపం, చొక్కా అంతా తడిసి ముద్దయింది. కింద నాచు పరిచి, తడి గోనెగుడ్డలో చుట్టి, పసిబిడ్డని పంపినట్టు పంపాడు ఏంబ్రోస్. విట్సన్ పండక్కి మీ ఇంట్లో మూడు రోజులున్నాను కదా, నాతో గట్టిగా మూడు ముక్కలు మాట్లాడలేదు ఆ మనిషి. ఇంతలోనే ఇంత దయ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందే?

మీ నీటిమళ్ళ ఆకుకూర, ఆ వాటర్‌క్రెస్సు మాత్రం ఏం చెప్పను! ఇక్కడ బజార్లో దొరికే వడిలిన కట్టలు దీని కాలి గోటికి చాలవు. ఒక్క రెబ్బ నమిలానో లేదో ఆవఘాటు ముక్కుకెక్కి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రమే టీ రూమ్‌లో శాండ్‌విచ్‌లు చేసేశాను. రొట్టె అవతలి వెలుగు కనబడేంత పల్చగా కోసి, వెన్న అంచులదాకా రాసి, ఆకు దండిగా పెట్టి, ఉప్పు చిటికెడు చల్లి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి, చుట్టూ గట్టి అంచులు తీసేసి వేళ్ళంత ముక్కలు చేశాను. మేజర్ గారి భార్య ఉంది చూడు, ఏం పెట్టినా పెదవి విరిచే మహాతల్లి, ఆవిడ రెండో పళ్ళెం అడిగింది! బుట్ట మొత్తం ఒక్క పూటలో ఖాళీ. నాకు మిగిలింది ఒక్క ముక్క.

ఒకటే ఫిర్యాదు. ఆ వేళ్ళేమిటే బాబూ? ప్రతి కాడకీ తెల్లటి వేళ్ళు గడ్డంలా వేలాడుతున్నాయి. ఆ వేళ్ళు కత్తిరించేసరికి నా వేళ్ళు పడిపోయాయి. ఆ చెత్తంతా పెరట్లో, బొగ్గుల కొట్టు వెనక, కారే కుళాయి కింద పాత రాతి తొట్టి ఉంటే అందులో పారేశాను. ఈసారి కాస్త పైకి కోసి పంపమని మీ అన్నతో చెప్పు. పుట్టినప్పట్నుంచీ క్రెస్సు మళ్ళలో నిలబడ్డవాడికి కోత నేను నేర్పాలా?

మళ్ళీ పంపుతాడు కదూ?

నీ,
మేవిస్

ఆర్ల్ వాగు గట్టు, హాంప్‌షైర్,
జూన్ 14.

మేవిస్‌కి,

నీ ఉత్తరం అందింది. చదివాను. మళ్ళీ చదివాను. నువ్వు వేళాకోళం ఆడుతున్నావో, నిజమే రాశావో తేల్చుకోలేక అమ్మకి కూడా వినిపించాను. అదే నేను చేసిన పొరపాటు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా.

"తిన్నదా? అంతా తిన్నదా?" అని కేక పెట్టింది అమ్మ. పక్క గదిలో టీ తాగుతున్న అన్నయ్య కప్పు కింద పెట్టేసి, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మళ్ళలోకి దిగిపోయాడు. చీకటి పడేదాకా రాలేదు.

నిజం చెప్పు మేవిస్, వేళ్ళు చూసి నీకేమీ అనిపించలేదా? తినడానికి పంపే కట్టకి వేళ్ళెందుకుంటాయి? అమ్మేమో "తిప్పి పంపినవాళ్ళని చూశాను గానీ తిన్నవాళ్ళని ఇప్పటిదాకా చూడలేదు. తిన్నదంటే కాదన్నట్టా, అవునన్నట్టా?" అని నన్ను నిలదీస్తోంది. నేనేం చెప్పను? ఇంతకన్నా రాసే హక్కు నాకు లేదు. ఈ విషయంలో ఇంటి ఆడపిల్ల నోరు విప్పకూడదని మా ఇంటి ఆచారం.

ఇక్కడ ఇంకో బెంగ ఉంది. కింది మళ్ళలో తెగులు కనబడింది. మొక్క పైకి బాగానే ఉంటుంది, పీకి చూస్తే వేళ్ళు కొక్కెంలా వంకర తిరిగి, ఉబ్బి ఉంటాయి. రెండు రోజుల్లో నీళ్ళలో కొట్టుకుపోతుంది. ఊట దగ్గరున్న తల్లి మడి మాత్రం శుభ్రంగా ఉంది. నీకు పంపిన కట్ట ఆ మడిలోదే.

అన్నట్టు, అమ్మ నీకోసం అల్లిన స్వెట్టర్ పోస్టులో వేశాం. పట్టిందో లేదో ఒక ముక్క రాయి. నీ భుజాల కొలత గుర్తులేక ఊహ మీద అల్లింది.

థిర్జా

(పోస్టు కార్డు)
ఈస్ట్‌బోర్న్, జూలై 2.

థిర్జా, ఊపిరి పీల్చుకునే తీరిక లేదు, వేసవి జనం విరగబడుతున్నారు. పట్టింది! భలే పట్టింది! నాకోసమే పుట్టినట్టుంది. అమ్మకి నా ముద్దులు. మిగతావన్నీ తీరిగ్గా.
మేవిస్

ఆర్ల్ వాగు గట్టు,
జూలై 5.

వదినా!

ఎంత గుట్టుదానివే నువ్వు! తిన్నానని రాసి మమ్మల్ని ఏడిపించి, మూడు వారాలు ఊరుకుని, ఒక్క కార్డు ముక్కతో అందర్నీ కుదిపేశావు.

మా పోస్ట్‌మన్ లెమ్యుయెల్ సంగతి తెలుసుగా, కార్డు అంటే అందరిదీ అనుకుంటాడు. గేటు దగ్గర్నుంచే "పట్టిందట! భలే పట్టిందట!" అని అరుచుకుంటూ వచ్చాడు. అన్నయ్య అప్పుడు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. తలమీది టోపీ తీసి గాల్లోకి విసిరాడు. అది నీళ్ళలో పడి, వాగులో కలిసి, ఎటో పోయింది. పోతే పోనీ అన్నాడు. ఆ టోపీ నాన్నది, తెలుసా?

అప్పట్నుంచీ మేడమీద గదికి సున్నం వేస్తున్నాడు. తూర్పు కిటికీ మేవిస్‌కి ఇష్టమా, పడమటిదా అని నన్ను అడుగుతున్నాడు. నాకేం తెలుసు? ఈ మనిషి ఇన్ని మాటలు ఒక్క రోజులో మాట్లాడగా నేను పుట్టి ఎరగను. మళ్ళలో తెగులు సంగతి కూడా మర్చిపోయాడు.

నీకు నిజం చెప్పాలి. నాకు సంతోషంగానే ఉంది. అయినా రాత్రి కూర్చుని ఏడ్చాను. నాన్న పోయాక ఈ ఇంటి వంటగది నాదే. ఇప్పుడు ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర ఎలా నిలబడతామో, నేనెక్కడికి జరగాలో నాకు అంతు పట్టడం లేదు. నువ్వు నా స్నేహితురాలివి కాబట్టి సంతోషం, వదినవి కాబట్టి భయం. ఏది ముందో తెలీడం లేదు. ఇలా రాసినందుకు ఏమీ అనుకోకు.

నీ ఆడపడుచు,
థిర్జా

ఈస్ట్‌బోర్న్,
జూలై 8.

ఎవరే వదిన?

థిర్జా, నీకు ఎండదెబ్బ తగిలిందా? నీ ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని చదివాను, పక్క కొట్టు మిసెస్ టప్పెన్ చేత కూడా చదివించాను. ఆవిడ కళ్ళజోడు తీసి "ఎప్పుడమ్మా పెళ్ళి? మాకు చెప్పనే లేదు" అంది. నాకే ఎవరూ చెప్పలేదు, ఆవిడకేం చెప్పను?

పట్టిందని రాసింది స్వెట్టర్ గురించే తల్లీ! స్వెట్టర్! నువ్వే కదా పట్టిందో లేదో రాయమన్నావు? భుజాల దగ్గర పట్టింది, చేతుల దగ్గర పట్టింది, అమ్మ అల్లిక బాగుంది, అంతే. మీ అన్న టోపీ విసరడానికీ, గదికి సున్నం వెయ్యడానికీ నా స్వెట్టర్‌కీ ఏమిటి సంబంధం? నీ పొయ్యి దగ్గర నేనెందుకు నిలబడతాను? నా పొయ్యి నాకుంది, దాని దగ్గరే చచ్చిపోతున్నాను.

తలా తోకా లేకుండా రాయకు. ఆ వేళ్ళేమిటి, ఆ ఆచారమేమిటి, విడమరిచి రాయి. ఇక్కడ పెరట్లో బొగ్గుల కొట్టు వెనకనించి నీళ్ళు పొంగి వంటింటి గడప దాకా వస్తున్నాయి. మేడమీద అద్దెకున్నవాళ్ళు తూములో ఏదో కుక్కి ఉంటారని వాళ్ళతో ఒక గొడవ. నా బుర్ర అసలే పాడైపోయి ఉంది.

మేవిస్

ఆర్ల్ వాగు గట్టు,
ఆగస్టు 3.

మేవిస్‌కి,

ఇన్నాళ్ళు రాయలేదు, కోపం వచ్చి. నీ మీదా, నా మీదా, ఆ పాడు స్వెట్టర్ మీదా. ఇప్పుడు ఆచారం అటకెక్కించి చెప్తున్నాను, విను.

మా ఇంట్లో మగవాళ్ళు పిల్లని మాటలతో అడగరు. తల్లి మడిలోంచి ఒక కట్ట వేళ్ళతో సహా తీసి పంపుతారు. ఇష్టమైతే ఆ పిల్ల దాన్ని కదిలే నీళ్ళలో నాటి, "పట్టింది" అని కబురు పెడుతుంది. ఇష్టం లేకపోతే తిప్పి పంపుతుంది. తాత అలాగే పంపాడు, నాన్న అలాగే పంపాడు. అమ్మ దాన్ని పందుల నీళ్ళ కాలువలో నాటింది. నాన్నకి కబురు పెట్టేలోపు పందులు సగం తిన్నాయట, అయినా పట్టింది. ఆ ఒక్క మాట కోసం మా వంశంలో ప్రతి మగాడూ గేటు దగ్గర కాపలా కాశాడు. నువ్వు ఆ మాట కార్డు మీద రాశావు. అదీ రెండుసార్లు.

ఇది నీకు తెలీదని మాకు తోచనే లేదు. నువ్వు పోర్ట్‌స్మత్ పట్నపు పిల్లవి, యుద్ధంలో ఆసుపత్రి వంటశాలలో పక్కపక్కన గిన్నెలు తోమినప్పుడు మా మళ్ళ గురించి నీకెన్నో చెప్పాను, ఇది మాత్రం చెప్పలేదు. ఇందులో నీ తప్పు లేదని నాకు తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదు.

నీ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. "సరే" అన్నాడు. సున్నం బ్రష్ కడిగి గోడకి ఆనించాడు. గది ఒక గోడ తెల్లగా, మూడు గోడలు మాసిపోయి అలాగే ఉంది.

ఆ వారంలోనే తెగులు తల్లి మడికి ఎక్కింది. ఎవరి బూట్లకి అంటుకుని వచ్చిందో! మాది చలికి తట్టుకునే బ్రౌన్ రకం మేవిస్. దానికి విత్తనం కట్టదు. మొక్క నుంచి మొక్క, చేతి నుంచి చెయ్యి, అంతే. చుట్టుపక్కల అందరి మళ్ళూ ఇదే నీళ్ళ మీద ఉన్నాయి, అందరిదీ ఇదే గోల. మా తాత నాటిన రకంలో తెగులు లేని కట్ట అంటూ ఒకటి బయటికి పోయిందంటే అది నీకు పంపిందే. దాన్ని మేజర్ గారి భార్య రెండు పళ్ళేలు తిన్నది.

సెప్టెంబరు ఆఖర్లో మైకేల్మస్ పండగనాటికి మళ్ళ కౌలు వదిలేస్తానంటున్నాడు అన్నయ్య. డోర్సెట్‌లో మేనమామ సున్నపురాయి గనిలో పనికి పోతాడట. పుట్టినప్పట్నుంచీ నీళ్ళలో ఉన్నవాణ్ణి ఆ దుమ్ములో ఊహించుకోలేకపోతున్నాను. ఇల్లూ కౌలుతోనే పోతుంది. పొయ్యి గురించి నేను పడ్డ భయం చూస్తే ఇప్పుడు నవ్వొస్తోంది.

థిర్జా

ఈస్ట్‌బోర్న్,
ఆగస్టు 10.

థిర్జా,

ముందు ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. ఇప్పుడు ఏముందో నాకే తెలీదు.

మీ అన్నకి నోరు లేదా? దేవుడు నాలుక ఎందుకిచ్చాడు, క్రెస్సు రుచి చూడ్డానికేనా? ఒక్క చీటీ ముక్క, "మేవిస్, నన్ను చేసుకుంటావా" అని బుట్టలో పడేసి ఉంటే ఏం పోయేది? ముప్పై ఆరేళ్ళదాన్ని, టీ రూమ్ నడుపుకుంటున్నదాన్ని, నాకు ఆకుకూర వస్తే ఏం చేస్తాను? శాండ్‌విచ్ చేస్తాను! నువ్వైనా ఏం చేసేదానివి?

నీకొకటి చెప్తాను, మీ అమ్మకి చదివి వినిపించకు. విట్సన్ రోజున మళ్ళ గట్టు మీద నా కాలు జారింది. అతను మణికట్టు పట్టుకుని ఆపాడు. వెంటనే వదల్లేదు. నీళ్ళలోంచి ఒక రెబ్బ తుంచి, చొక్కాకి తుడిచి, నా చేతిలో పెట్టాడు. ఘాటుకి దగ్గొచ్చింది నాకు. నవ్వాడు. అతను నవ్వితే ఎలా ఉంటాడో నీకు తెలుసో లేదో. మిగతా రెండు రోజులూ ఇంకేమన్నా అంటాడేమోనని ఎదురుచూశాను. ఏమీ అనలేదు. పోన్లే, మనకెందుకులే అనుకుని రైలెక్కేశాను. బుట్ట వచ్చినప్పుడు కూడా, చూడు, వేళ్ళు కత్తిరిస్తూ అతని గురించే ఆలోచించాను.

అతను అడిగింది నాకు వినబడలేదు. నేను చెప్పనిది అతనికి వినబడింది. ఇప్పుడు నన్ను మళ్ళీ అడిగితే ఏమంటానో నాకే తెలీదు. అడగడానికి కట్ట కూడా లేదు, నేనే తినేశాను. మింగలేను, కక్కలేను అంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది.

నా వల్ల మీ మళ్ళు పోయాయని మాత్రం అనకు థిర్జా. ఆ మాట తట్టుకోలేను.

మేవిస్

ఆర్ల్ వాగు గట్టు,
సెప్టెంబరు 12.

మేవిస్ గారికి,

చెల్లెలు మీకేం రాసిందో నాకు తెలీదు. అడిగితే చెప్పడం లేదు. తిట్టి ఉంటే క్షమించండి.

తప్పు నాది. వేళ్ళు చూస్తే అర్థమవుతుందనుకున్నాను. అందరూ మళ్ళలోనే పుట్టరని నాకు తట్టలేదు. మళ్ళు మీ వల్ల పోలేదు, తెగులు వల్ల పోయాయి. మీరు తినకుండా తిప్పి పంపినా ఇక్కడికే వచ్చేది, ఆ తెగుల్లోనే పోయేది. మీ టీ రూమ్‌లో నలుగురు కడుపారా తిన్నారు. అది నయం.

ఆకు బాగుందని రాశారట. నాకు అది చాలు.

ఈ నెలాఖరుకి డోర్సెట్ వెళ్తున్నాను. స్వెట్టర్ వాడుకోండి. సముద్రం గాలి చల్లగా ఉంటుంది.

ఏంబ్రోస్ ప్రాగ్నెల్

ఈస్ట్‌బోర్న్,
సెప్టెంబరు 20.

ఒసేయ్ థిర్జా,

కూర్చుని చదువు. అమ్మని కూడా కూర్చోబెట్టు.

మీ అన్న ఉత్తరం వచ్చిన రోజు నేను సరుకు తెచ్చే కుర్రాడి మీద, మేడమీదివాళ్ళ మీద, మిసెస్ టప్పెన్ మీద, అందరి మీదా అరిచాను. పెరట్లో నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వచ్చాయి. ఇక లాభం లేదని కుళాయిలు బాగుచేసే ముసలాయన్ని పిలిపించాను. ఆయన బొగ్గుల కొట్టు వెనక్కి వెళ్ళాడు. తర్వాత "అమ్మా, ఇది అడ్డం కాదు, తోట. పీకెయ్యమంటారా?" అని కేకేశాడు.

వెళ్ళి చూస్తే థిర్జా, తొట్టి కనబడ్డం లేదు! అంచుల మీదనించి పొర్లి, తూము మూసేసి, గోడ పక్క కాలువలోకి దిగి, పచ్చగా, గుబురుగా... ఆయన అప్పటికే ఒక గుప్పెడు పట్టుకుని ఉన్నాడు. "వదలండి!" అని ఎంత గట్టిగా అరిచానంటే పాపం ఆయన చేతిలో పానా కాలి మీద పడేసుకున్నాడు. తర్వాత టీ, కేకు పెట్టి బుజ్జగించాననుకో.

ఒక ఆకు తుంచి నమిలాను. ఆవఘాటు ముక్కుకెక్కింది. అదే. కళ్ళనీళ్ళు ఘాటుకో దేనికో తెలీదు.

నువ్వు రాసింది గుర్తొచ్చి భయం వేసింది. పైకి బాగుండి కింద వంకర తిరుగుతుందన్నావు కదా. ఒక మొక్క పీకాను. వేళ్ళు తెల్లగా, తిన్నగా, జుట్టులా దిగి ఉన్నాయి. ఇంకోటి పీకాను. అదీ అంతే. ఇక పీకడం మానేశాను, పీకుతూ పోతే మీకేం మిగులుతుంది?

అమ్మని ఒక మాట అడుగు. నేను దీన్ని నాటలేదు. కత్తిరించి చెత్తలో పారేశాను. మూడున్నర నెలలు దాని ముఖం కూడా చూడలేదు. అయినా కారే కుళాయి కింద తనంతట తనే బతికింది. మీ ఆచారంలో దీన్ని ఏమంటారు? నాటినట్టా, నాటనట్టా? పందులు తిన్నదే చెల్లితే, మేజర్ గారి భార్య తిన్నది చెల్లదా?

టీ రూమ్ ఏం చెయ్యాలో తెలీదు. నీతో ఒకే పొయ్యి దగ్గర ఎలా పడుతుందో తెలీదు, నేను ఉప్పు ఎక్కువ వేస్తానని ఇప్పటికే తిడతావు. ఏదీ తెలీదు. కానీ అతన్ని డోర్సెట్ బండి ఎక్కనివ్వకు. బూట్లు దాచెయ్యి. అతనికి వేరే కార్డు రాస్తున్నాను. ఉత్తరంలా కవర్లో పెట్టడం లేదు. కార్డే. లెమ్యుయెల్ గేటు దగ్గర్నుంచి చదువుకుంటూ రావాలని.

నీ,
మేవిస్

(పోస్టు కార్డు)
ఈస్ట్‌బోర్న్, సెప్టెంబరు 20.

ఏంబ్రోస్ గారికి,

శనివారం మధ్యాహ్నం రైలుకి బండి తీసుకురండి, తొట్టి బరువు. కత్తెర ఇక్కడే వదిలేసి వస్తున్నాను. వేళ్ళు నేను తెస్తాను, మాటలు మీరు తెచ్చుకోండి. ప్లాట్‌ఫారం మీదే, నోటితో, నాకు వినబడేలా అడగాలి. మీ చెల్లెలు పక్కనున్నా సరే.

పట్టింది. ఈసారి స్వెట్టర్ కాదు.

మేవిస్